జీపు సాలలోనా, వీధిలోనా, గెడ్డ అవతలా?



పోస్టు కొంచెం పొడుగే, తీరిక ఉన్నప్పుడు చదవండి. విషయం మాత్రం చిన్నది. ఇంటికి ఒక బండి వస్తే దాన్ని రాత్రిపూట ఎక్కడ పెట్టాలి? మా ఇంట్లో దీని మీద ఏడాదిన్నరగా మాటలు నడుస్తున్నాయి, తర్వాత ఊరంతా నడిచాయి. మన ఊళ్లలోకి ఇప్పుడిప్పుడే ఆటోలు, జీపులు, బొలేరోలు వస్తున్నాయి కదా, ఈ గొడవ రేపో మాపో మీ ఇంటికీ వస్తుంది. అందుకే రాస్తున్నాను.

పట్నంలో ఇది అంత పెద్ద ప్రశ్న కాదు. వైజాగ్‌లో అపార్ట్‌మెంటు కింద గీతలు గీసి నెంబర్లు రాసి ఉంటాయి, ఎవరి గీతలో వాళ్లు పెట్టుకుని పోతారు. అమెరికాలో అయితే చాలా ఇళ్లకి అంటుకుని బండికి ఒక గది, ఆ గది ముందు రోడ్డు దాకా సిమెంటు దారి ఉంటాయి. గది నిండా పాత సామాన్లు పేర్చేసి కారుని ఆ దారిలోనే ఎండకీ మంచుకీ వదిలేసేవాళ్లు అక్కడా ఉన్నారు. ఆ గదిని గ్యారేజీ అంటారని చెప్తే మా అమ్మ నవ్వింది. "గ్యారేజీ అంటే బండి పాడయితే తీసుకుపోయేది కదే, బాగున్న బండిని ఎవులు పెడతారు అందులో?" అంది.

మా ఊరు పాడేరు ఏజెన్సీలో, చింతపల్లి వైపు. 41 గడపలు. రెండు వరసల ఇళ్లు, మధ్యలో వీధి, వీధి మొదట్లో సంకుదేవుడు. తారు రోడ్డు మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఆగిపోయింది. అక్కడి నుంచి ఉపాధి హామీలో వేసిన మట్టిరోడ్డు. ఆ మట్టిరోడ్డుకి సగంలో ఒక గెడ్డ. ఎండాకాలం చెప్పులు విప్పకుండా దాటొచ్చు. వానాకాలం దాని ఇష్టం.

కిందటేడు సంక్రాంతికి ముందు అన్నయ్య పాత కమాండర్ జీపు ఒకటి కొన్నాడు. కాఫీ, మిరియాల డబ్బు కొంత, నాన్న రాజ్మా అమ్మిన డబ్బు కొంత, మిగతాది అప్పు. సంత రోజుల్లో జనాన్ని, మిగతా రోజుల్లో కాఫీ మూటలు, సిమెంటు, రేషను తోలొచ్చని లెక్క. జీపు ఊళ్లోకి వచ్చిన రోజు పిల్లలు చేసిన గోల మీరు ఊహించుకోండి, అది రాస్తూ కూర్చుంటే అసలు విషయం మిగిలిపోతుంది.

మొదటి రాత్రే అమ్మ అంది, "సాలలో పెట్టీ."

సాల అంటే ఇంటి పక్కన పశువుల సాల. పెంకుల కప్పు, మూడు వైపులా మట్టిగోడ, ముందు తడక. రెండు ఎడ్లు, ఒక ఆవు, దూడ, మేకలు ఉంటాయి. ఒక మూల చోళ్లు, సామలు పోసుకునే గాదె. అమ్మ లెక్క ఏటంటే, ఇంత డబ్బు పోసి కొన్న వస్తువుని వానలో తడవనివ్వకూడదు, ఎడ్లని పక్క వసారాలో కట్టుకోవచ్చు. అమ్మ మాటలో న్యాయం లేకపోలేదు. మా వైపు వాన జూన్‌లో పట్టుకుంటే అక్టోబరు దాకా వదలదు. శీతాకాలం పొద్దున్నే బండి మీద మంచు బిందెతో గుమ్మరించినట్టు ఉంటుంది. ఇనుముకి ఇంతకన్నా శత్రువు ఉండదు.

సరే అని పెట్టారు. నెలా నెలన్నర సాలలోనే ఉంది. ఆ నెలన్నరలో తెలిసినవి మీకు పనికొస్తాయి.

గింజ ఉన్నచోట ఎలుక ఉంటుంది. చోళ్ల కోసం వచ్చిన ఎలుక ఇంజను వెచ్చదనానికి బానెట్ కిందకి చేరింది. హారన్ వైరు, హెడ్‌లైట్ వైరు కొరికేసింది. ఎలుక పళ్లు ఆగకుండా పెరుగుతాయి కాబట్టి ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి దానికి, వైరు మీది ప్లాస్టిక్ మెత్తగా ఉంటుంది. కోళ్లు సీట్ల మీద పడుకున్నాయి, మిగతాది చెప్పక్కర్లేదు. ఇంక పేడ, ఉచ్చ ఉన్న సాలలో గాలి ఎప్పుడూ చెమ్మగా, ఘాటుగా ఉంటుంది. ఆ ఘాటు అమోనియాది. రాగి, ఇత్తడి దానికి తట్టుకోవు. బ్యాటరీ టెర్మినళ్ల మీద, వైర్ల కొసల మీద పచ్చగా బూజులాంటిది ఎందుకు పడుతోందో అన్నయ్యకి మొదట అర్థం కాలేదు. తడి తగలని గదిలో పెట్టామనుకుంటాం, కానీ గాలి ఆడని మూసిన చోటు కన్నా పైన కప్పు ఉండి చుట్టూ గోడ లేని చోట ఇనుము ఎక్కువ కాలం ఉంటుంది.

ఇంకొకటి ప్రాణాల మీదకి తెచ్చేది. పొద్దున చలికి ఇంజను వేడెక్కాలని తడక వేసి ఉండగానే స్టార్ట్ చేసి వదిలేయకూడదు. మూసిన చోట ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ లేదు వాసనా లేదు, మనిషి నిద్రలోకి జారినట్టే జారిపోతాడు. మా సాలకీ ఇంటికీ మధ్య గోడ పైదాకా లేదు, వాసాల కింద ఖాళీ ఉంది. అవతల పక్కన నానమ్మ పడుకుంటుంది. ఇది నేను చెప్పాక నాన్న ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లి జీపుని బయటికి తోయించీశాడు.

అసలు నాన్నకి మొదటినుంచీ సాల ఇష్టం లేదు. ఆయన కారణం వేరు. "ఎడ్లు చలిలో, ఇనుప బండి ఇంట్లో. ఇదెక్కడి మర్యాద" అనేవాడు.

అలా జీపు వీధిలోకి వచ్చింది. వీధిలో పెడితే ఎండ, వాన, మంచు, అన్నీ ఉంటాయి, నిజమే. హుడ్డు గుడ్డ ఎండకి బీటలు తీస్తుంది. టార్పాలిన్ కప్పితే ఇంకో తిప్పలు. తడిసిన బండి మీద గట్టిగా బిగించి కడితే తడి లోపలే ఉండిపోయి ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. చెట్టు కింద పెడదామంటే మా ఇంటి దగ్గర ఉన్నది పనస. వేసవిలో పనసచెట్టు కింద బండి పెట్టే మనిషి అద్దాల షాపువాడికి చుట్టమై ఉండాలి.

వీధిలో ఉన్న ఒక లాభం మాత్రం మిగతా నష్టాలన్నిటికీ సరిపోతుంది. మా వీధి గెడ్డ వైపుకి పల్లం. జీపు మూతి పల్లానికి పెట్టి వదిలితే, బ్యాటరీ పడుకున్నా ఫర్వాలేదు. తాళం తిప్పి, రెండో గేరులో వేసి, క్లచ్ తొక్కి, చక్రాల కింద రాళ్లు తీసేసి కదలనిచ్చి, ఊపందుకున్నాక క్లచ్ వదిలితే ఇంజను అందుకుంటుంది. ఇద్దరు తోసేవాళ్లు కూడా అక్కర్లేదు. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, లోపల జరిగే రసాయన పని నెమ్మదిస్తుంది కాబట్టి. లంబసింగి చలి గురించి టూరిస్టులు ఫొటోలు పెట్టుకుంటారు, ఆ చలిలో పాత డీజిల్ బండికి సెల్ఫ్ కొట్టి చూస్తే అప్పుడు తెలుస్తుంది. సాలలోంచి అయితే రివర్సులో ఎత్తుకి లాగాలి. రాత్రి రెండింటికి ఎవరికో పాము కరిచిందని తలుపు కొడితే ఆ తేడా చాలా పెద్దది.

పల్లంలో పెట్టేవాళ్లకి ఒక జాగ్రత్త. హ్యాండ్‌బ్రేకు ఒక్కదాన్నే నమ్మొద్దు. వానాకాలం రోజుల తరబడి లాగి వదిలేస్తే కేబులు పట్టేస్తుంది, అవసరానికి విడవదు. గేరులో వదిలి, ముందు చక్రాల కింద రెండు మంచి రాళ్లు పెట్టండి. పిల్లలు ఆ రాళ్ల జోలికి పోకుండా వాటికి సున్నం వేశాడు అన్నయ్య. సంకుదేవుడి రాళ్లనుకున్నారో ఏమో, ఎవరూ ముట్టుకోవడం లేదు.

ఇంతవరకూ మా ఇంటి గొడవ. ఇటుకల పండగతో ఊరి గొడవ అయింది.

అప్పటికి వీధిలో మాది కాక ఒక ఆటో, ఒక ట్రాక్టరు, ఏడెనిమిది బైకులు ఉన్నాయి. పండగ రాత్రి థింసా మొదలవ్వాలి. ఆడవాళ్లు చేతులు పట్టుకుని వరస కట్టి తిరిగితే వీధి వెడల్పంతా కావాలి. ఆ వరస ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి తెగిపోతోంది. ట్రాక్టరు మనిషి సంతకి పోయి రాలేదు, తాళం ఆయన దగ్గరే ఉంది. ఆ రాత్రి మా చిన్నతాత అన్న మాట నాకు బాగా గుర్తుంది. "వీధి ఎవడి అబ్బదీ కాదు. అందుకే అందరిదీ." రెండు రోజుల తర్వాత ఊరు కూర్చున్నప్పుడు కొందరు కుర్రాళ్లు ఎవరింటి ముందు స్థలం వాళ్లదే అన్నారు. పెద్దలు ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను. వైజాగ్‌లో చూస్తున్నాం కదా, గేటు ముందు రెండు పూలకుండీలు పెట్టి "నో పార్కింగ్" బోర్డు తగిలిస్తే సర్కారు రోడ్డు సొంత రోడ్డు అయిపోతుంది. వంజంగి, లంబసింగి వైపు శీతాకాలం సెలవు రోజుల్లో రోడ్డు పక్కన కార్ల వరసలు చూస్తే మనకి కోపం వస్తుంది. మన వీధిని మనమే అలా చేసుకుంటే ఎవర్ని అంటాం?

చివరికి సంకుదేవుడి దగ్గర్నుంచి మంచినీళ్ల కుళాయి దాకా ఏ బండీ ఉండకూడదని తీర్మానం అయింది. కుళాయికి దిగువన, ఊరి చివర, ఒక పక్కగా పెట్టుకోవాలి. మా జీపుకి అదీ మంచిదే అయింది, పల్లం అక్కడే మొదలవుతుంది. అమ్మకి మాత్రం బండి కళ్లకి కనపడకుండా పోయిందని దిగులు. రాత్రి లేచి చెంబు పట్టుకుని వెళ్లినట్టు వెళ్లి చూసి వచ్చేది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. ఆషాఢంలో పెద్దమ్మ కోడలికి నొప్పులు వచ్చాయి.

ఇంకా మూడు వారాలు టైం ఉందని నర్సు చెప్పింది. సాయంత్రం నుంచి పైన కొండ మీద వాన. మా ఊళ్లో చినుకులే. రాత్రి పదకొండుకి వదినని జీపు ఎక్కించారు. రాళ్లు తీశారు, బండి ఒక్క ఊపుకి స్టార్ట్ అయింది, అన్నీ అనుకున్నట్టే జరిగాయి. గెడ్డ దగ్గరికి వచ్చి హెడ్‌లైట్ వేస్తే అవతలి గట్టు కనపడలేదు. ఎర్రనీళ్లు, చెట్టుకొమ్మలు పోతున్నాయి.

అక్కడ గంటన్నర ఆగారు. తర్వాత డోలీ కట్టారు. ఎగువన రాతిబండల దగ్గర గెడ్డ వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది. అక్కడ తాడు కట్టి, నడుం లోతు నీళ్లలో ఆరుగురు మోసి దాటించారు. అవతల గట్టు నుంచి తారు రోడ్డు దాకా కిలోమీటరున్నర మళ్లీ మోశారు. 108 తారు రోడ్డు దాకానే వస్తుంది. అది వచ్చేసరికి తెల్లవారుజాము. పాప బతికింది, వదినా బతికింది. కానీ రక్తం చాలా పోయింది, రెండు నెలలు మంచం దిగలేదు. ఇప్పటికీ బిందె ఎత్తితే కళ్లు తిరుగుతాయంటుంది.

ఆ రాత్రంతా మా జీపు గెడ్డకి ఇవతల హెడ్‌లైట్లు వేసుకుని నిలబడి ఉంది. మంచి కండిషన్లో ఉంది. సాలలో పెట్టాలా వీధిలో పెట్టాలా అని ఆర్నెల్లు కొట్టుకున్నాం, రెండూ గెడ్డకి ఇవతలే.

108 మన ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇరవై ఏళ్లు దాటినా మన ఊళ్లలో చాలాచోట్ల డోలీ పోలేదు. ఎందుకు పోలేదంటే రోడ్డు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో వచ్చింది. మైదానంలో 500 మంది ఉన్న ఆవాసానికి, కొండ ప్రాంతాల్లో గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్నా రోడ్డు వేయాలని అందులో నిబంధన. మాది 41 గడపల ఊరు, ఆ లెక్క తీసిన నాటికి 250 లేదు. కొండ మీద మనుషులు ఎప్పుడూ చిన్నచిన్న గుంపులుగానే ఉంటారు, భూమి అంతే ఉంటుంది కాబట్టి. మనిషికి లెక్క కట్టి రోడ్డు వేస్తే మన వంతు ఎప్పుడూ ఆఖరే.

గెడ్డ మీద కల్వర్టు అడిగితే అటవీ భూమి అంటారు. ఇది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) అని ఉంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులైను, రోడ్డు లాంటి 13 రకాల పనులకి అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. పెద్ద ప్రాజెక్టుల ఫైలులాగా ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. మా గ్రామసభ తీర్మానం రాసి, సంతకాలు వేలిముద్రలు పెట్టి పంపింది. ఫైలు కదులుతోందని అంటున్నారు. గెడ్డ కూడా కదులుతోంది.

అందుకని ఈ ఏడు మృగశిర కార్తె వచ్చేసరికి జీపుని గెడ్డ అవతల పెట్టాలని అనుకున్నాం. అన్నయ్య మొదట ఒప్పుకోలేదు. "అప్పు నాది, వాయిదా నాది, బండిని అడవిలో వదలమంటారా" అన్నాడు. ఆయన భయం నిజమైనదే. బ్యాటరీ, స్టెప్నీ, ట్యాంకులో డీజిలు, మూడూ రాత్రికి రాత్రి పోతాయి. వాన పడితే పొద్దున పనికి పోవాలన్నా గెడ్డ దాటి నడవాలి. దాటలేని రోజు బండి అవతల, డ్రైవరు ఇవతల.

ఈ ఆఖరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాం. బండి అవతల ఉంటే చాలదు, తోలే మనిషి కూడా అవతల ఉండాలి. అవతలి గట్టు మీద మా మావయ్య వాళ్ల మెట్టచేను ఉంది, చేలో పాక ఉంది, వానాకాలమంతా వాళ్లు అక్కడే కాపలా. మావయ్య కొడుక్కి ఆటో తోలడం వచ్చు. వాడి చేత జీపు నేర్పించి, లైసెన్సు తీయించారు. నేనూ నేర్చుకుంటానంటే అన్నయ్య, "ఏటే, నువ్వు తోల్తావా" అని నవ్వాడు. సెలవుల్లో నేర్చుకున్నాను. ఇప్పుడు ఎల్‌ఎల్‌ఆర్ ఉంది. నొప్పులు పడే ఆడమనిషి పక్కన బండిలో ఇంకో ఆడమనిషి ఉండడం వేరు, ఆ బండిని ఆమే తోలగలగడం వేరు. మన ఊళ్లలో నేర్చుకోదల్చిన ఆడపిల్లలు నేర్చుకోండి. మెట్ట మీద తోలితే ఎక్కడైనా తోలొచ్చు.

తాళాలు రెండు. ఒకటి మావయ్య పాకలో, ఒకటి ఆశ కార్యకర్త దగ్గర. అన్నయ్య దగ్గర లేదు! ఆయన పొద్దున పనికి పోయేముందు పాక దగ్గర తీసుకోవాలి. దీనికి మాత్రం ఆయన మూతి ముడుచుకునే ఉన్నాడు.

చేను గట్టున నాలుగు గుంజలు పాతి పైన రేకులు వేశారు. చుట్టూ గోడ లేదు, తడక లేదు. కింద గులకరాళ్లు పోశారు, చెమ్మ పైకి రాకుండా. జీపు మూతి తారు రోడ్డు వైపు. మావయ్య కుక్క దాని కిందే పడుకుంటుంది, కాబట్టి ఎలుకల బాధ కూడా లేదు. ఇప్పటికి ఈ వానల్లో రెండుసార్లు అక్కర పడింది. ఒకటి జ్వరం ముదిరిన పిల్లాడు, ఒకటి చెట్టు మీంచి పడిన మనిషి. డోలీ కట్టాల్సే వచ్చింది, కానీ గెడ్డ దాకా, దాటేదాకా. అవతల కిలోమీటరున్నర భుజాలకి తప్పింది.

సాల మళ్లీ ఎడ్లదయింది. అమ్మ వానాకాలమంతా బండి కనపడదని మొదట అలిగింది గానీ, మావయ్య వాళ్లింటికి ఇప్పుడు వారానికి రెండుసార్లు చోడి అంబలి పట్టుకుని పోతోంది. తమ్ముడి మీద ప్రేమో జీపు మీద ప్రేమో మేం అడగలేదు.

తేలనిది ఒక్కటుంది. రాత్రి పిలుపుకి డీజిలు ఎవరు పోయాలి? మనిషి ప్రాణం మీద ఉన్నప్పుడు డబ్బు అడగలేం. అడగకపోతే అన్నయ్య వాయిదా కట్టలేడు. గడపకి నెలకి యాభై రూపాయలు వేసి ఒక డబ్బాలో ఉంచుదామని పెద్దలు అన్నారు. బండి లేనివాళ్లు సరే అన్నారు, ఆటో ఉన్నాయన, ట్రాక్టరు ఉన్నాయన మా బండ్లు కూడా పోతాయి కదా మేమెందుకు వేయాలి అంటున్నారు. ఇంకొకటి, సొంత బండి రిజిస్ట్రేషను మీద కిరాయి తీసుకుని మనుషుల్ని ఎక్కిస్తే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది. మాది పసుపు ప్లేటే గానీ, మిగతావాళ్లవి కాదు. అందుకని డబ్బాలో వేసేది కిరాయి కింద కాకుండా ఊరి డీజిలు కింద రాయాలని నేను చెప్పాను, పుస్తకం కూడా నేనే కొని ఇచ్చాను. వచ్చే కూర్చోడం అమావాస్య తర్వాత. మీ ఊళ్లో ఇలాంటి డబ్బా నడుస్తుంటే గడపకి ఎంత వేస్తున్నారో, లెక్క ఎవరు రాస్తున్నారో ఆ లోపు చెప్పండి.